తడిసిన సీటు

మోటారుసైకిలు సీటు పగులుటకు ముఖ్యకారణము కూర్చుండువారి బరువుకన్న ఎండయే. (స్టాండులో బ్లేడుతో గీరువారును కొందరు కలరు, వారి ప్రసక్తి ఇచట వద్దు.) రెక్సిను అనగా పి.వి.సి. పూత పూసిన గుడ్డ. పూతకు మెత్తదనమిచ్చు ద్రవ్యము వేడికి క్రమముగా తరిగి, పూత పెళుసెక్కి చీలును. చీలిక వేలెడే యైనను లోపలి స్పాంజి వాననీటిని పీల్చి దాచుకొనును.

వాన వెలిసిన మూడవనాడు శుక్రవారము. పైకి పొడిగానున్న సీటుపై మా వెనుక కూర్చుండి నాన్నగారు జుమా నమాజునకు వచ్చిరి. మసీదు గుమ్మమున దిగి చూచుకొనగా తెల్లని పైజామా మురికినీట తడిసియున్నది. ఆయన ఏమియు అనక, బట్టలు మార్చుకొనుటకు ఇంటికి మరలిరి. జమాతు దాటిపోయినది.

టేపు అంటించుడని మిత్రులు చెప్పిరి. ఎండకు దాని జిగురు కరగి బట్టలకంటును. తడి లోపలనే యుండును. సీట్లు కుట్టు ఉస్తాదు తొడుగు ఊడదీసి, స్పాంజిని పిండి, రెండు దినములు నీడలో ఆరబెట్టెను. చివికినంత మేర కోసి కొత్త ముక్క అతికించెను. "కుట్టు సూది కన్నాల్లోంచి కూడా నీళ్ళు దిగుతాయి సాబ్" అనుచు స్పాంజిపై పాలిథిన్ కాగితము పరచి, ఆపై కొత్త రెక్సిను లాగి బిగించెను.

నాన్నగారు నేటికిని అరచేతితో సీటును ఒత్తి చూచిన పిమ్మటనే కూర్చుండుచున్నారు.