జహీరాబాదు బండి

మన చట్టం లెక్కలో బండికి యాభై ఏళ్లు నిండితే పెద్దరికం వస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని వింటేజిగా నమోదు చేయించి, నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన 'వీఏ' అని రాయించుకోవచ్చు. పదిహేనేళ్లు దాటినదాన్నేమో అందరూ తుక్కు కింద జమకడతారు. మరి నలభైకి అటూ ఇటూ ఉన్న బండి సంగతేమిటి? పెళ్లిలో దాన్ని పెద్దల వరసలోనూ కూర్చోబెట్టరు, పెళ్లికొడుకుగానూ చూడరు. మా బావ కొండాపూర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకు కూర్చున్నది సరిగ్గా ఆ వయసు బండి. ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్.

ఆల్విన్ అంటే ఇప్పటి పిల్లలకు మియాపూర్ దగ్గర ఓ చౌరస్తా, కూకట్‌పల్లి పక్కన ఓ కాలనీ. 1942లో నిజాం హయాంలో పుట్టిన ఆ కంపెనీ ఫ్రిజ్‌లు చేసింది, బస్సు బాడీలు కట్టింది, చేతి గడియారాలు కూడా చేసింది. 1980ల్లో జపాను కంపెనీలు చిన్న లారీలతో మన దేశంలో దిగినప్పుడు టయోటా డీసీఎంతో, మిత్సుబిషి ఐషర్‌తో, మాజ్దా స్వరాజ్‌తో జతకట్టాయి. నిస్సాన్ మన ఆల్విన్‌తో కలిసింది, జహీరాబాదులో ఫ్యాక్టరీ లేచింది. 1989లో అది మహీంద్రా చేతికి పోయింది. అక్కడ బళ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి, వాటి మీద ఆల్విన్ పేరు మాత్రం లేదు.

"గీ డీసీఎం ఎవలది సారూ?" అని పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ కొత్తగా మారినప్పుడల్లా అడుగుతాడు. "డీసీఎం కాదు, ఆల్విన్" అని బావ ప్రతిసారీ ఓపిగ్గా చెబుతాడు.

అది బావ వాళ్ల నాన్న కొన్న బండి. మామయ్య దాంట్లో చేవెళ్ల నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు టమాటాలు తోలేవాడు. 1998 నవంబరులో వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికే ఈ బండి మాదాపూర్ రాళ్ల మధ్య రోడ్ల మీద అరిగి ఉంది. ఆ తర్వాత చుట్టూ అద్దాల మేడలు లేచాయి, బండి షెడ్డులోకి చేరింది.

బావ సాఫ్టువేరు మనిషి. ఆయన ఆఫీసులో ప్రతివాడి దగ్గరా ఈ బండికి ఓ సలహా ఉంటుంది. ఇంజను పీకేసి బ్యాటరీ మోటారు పెట్టమని ఒకరు, వెనక ఫుడ్ ట్రక్కు కట్టించమని ఇంకొకరు, పెద్ద టైర్లూ ఎల్ఈడీ పట్టీలూ బిగిస్తే రీల్స్‌కి బాగుంటుందని మరొకరు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఒకటుందని వీళ్లెవరికీ పట్టదు. తయారీదారు ఇచ్చిన రూపం మారేలా ఆర్సీతో పొసగని మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. ఇంజను మార్చాలంటే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. బావ మాత్రం చట్టం చెప్పిందని కాకుండా తనకు తానే ఓ గీత గీసుకున్నాడు. బండిని ఆపే వాటినీ, దారి చూపే వాటినీ కొత్తగా చేయాలి. నడిపే వాటిని బాగుచేసి అలాగే ఉంచాలి. నాకు ఈ లెక్క నచ్చింది. మెరుగు పెట్టడమంటే ముందు వేగం పెంచడమే అనుకునేవాళ్ల బండిలో నేను కూర్చోను.

పని మొదలైంది సుత్తెతో. టింకరింగ్ చేసే భాయ్ వచ్చి క్యాబిన్ చుట్టూ తిరుగుతూ చిన్న సుత్తెతో తట్టుకుంటూ పోయాడు. మంచి రేకు ఖణేల్‌మంటుంది. లోపల తుప్పు తిని పైన పుట్టీ మెత్తిన చోట మట్టిగోడను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వస్తే జేబులోంచి అయస్కాంతం తీసి ఆనించేవాడు. అది జారి కింద పడితే సుద్దముక్కతో అక్కడ సున్నా చుట్టేవాడు. మధ్యాహ్నానికి మెట్టు కింద, చక్రాల పైన, కాళ్లు పెట్టే చోట అన్నీ సున్నాలే. కోసి కొత్త రేకు అతకడం ఆయన పని. చిన్న సామాను తుప్పు వదిలించడం మా పని. ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లు పోసి చాకలి సోడా కలిపి, తుప్పుపట్టిన ముక్కకు బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ తీగ, ఎదురుగా వేలాడదీసిన పాత ఇనుప కడ్డీకి పాజిటివ్ తీగ తగిలిస్తే చాలు. రాత్రంతా బుడగలు వచ్చి తెల్లారేసరికి తుప్పు నల్లటి బురదగా వదిలిపోతుంది. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కనుక బకెట్టు ఆరుబయటే పెట్టాలి. కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుది అసలు కాకూడదు, నీళ్లు విషమవుతాయి.

బ్రేకులు తిన్నంత సమయం ఇంకేదీ తినలేదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి ఏళ్ల తరబడి కదలకపోతే ఆ తేమ చక్రాల సిలిండర్లను లోపలినుంచి తొలిచేస్తుంది, రబ్బరు కప్పులు గట్టిపడతాయి. పుత్లీబౌలి స్పేరు పార్టుల కొట్లలో ఆల్విన్ పేరు చెబితే తల అడ్డంగా ఊపుతారు. పాత కప్పు చేతిలో పెడితే వెర్నియర్‌తో కొలిచి, వేరే ఏదో బండి డబ్బాలోంచి అదే సైజుది తీసిస్తారు. అక్కడ కొలతే భాష. అంతా బిగించాక గాలి తీసే పని. నేను సీట్లో, భాయ్ కింద. మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలు. "దబావ్... పకడో... ఛోడో" అని కిందినుంచి కేకలు. నేను పెడల్ తొక్కి పట్టుకుంటే ఆయన నిపిల్ వదులు చేస్తాడు. సీసాలో ముంచిన సన్నటి గొట్టంలోంచి ఆయిల్‌తో పాటు బుడగలు వస్తాయి. ఆయన నిపిల్ బిగించాకే నేను కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. మెత్తగా నేలదాకా దిగిపోయే పెడల్ సగం దారిలో రాయిలా ఆగినప్పుడు భాయ్‌కి చెప్పనక్కర్లేకపోయింది.

దీపాల పని తేలిగ్గానే అయింది. కరెంటంతా డాష్‌బోర్డు మీది ముసలి స్విచ్చు గుండా, సన్నటి తీగల్లో తిరిగి రావడమే వాటి గుడ్డివెలుతురుకు కారణం. రెండు రిలేలు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ లాగాడు బావ. పాత రకం బల్బులే తెల్లగా వెలిగాయి.

రంగు దగ్గర మాత్రం నాకూ బావకూ పడలేదు. క్యాబిన్ వెనక రేకు మీద 'అనంతపద్మనాభస్వామి ప్రసన్నం' అని ఎవరో పెయింటరు పసుపు అక్షరాలకు ఎర్ర నీడ ఇచ్చి రాశాడు. మొత్తం గీకి కంప్యూటరు స్టిక్కరు అంటిద్దామని బావ. ఆ అక్షరాల చుట్టూ టేపు వేసి మిగతాదంతా కొట్టిద్దామని నేను. అక్క నా పక్షాన చేరడంతో తగువు తెగింది.

చివరికి బండి నిగనిగలాడుతూ షెడ్డు బయటికి వచ్చింది. దీన్ని ఆదివారాలు దుర్గం చెరువు దాకా తిప్పి తెచ్చి కవరు కప్పేస్తానన్నాడు బావ. మామయ్య కుర్చీలోంచే అందుకున్నాడు.

"బరువు మొయ్యని బండి ఎందుకురా? ముగ్గేస్తవా దాని మీద?"

అప్పటికే ఆయన వెనకవీధివాళ్ల ఇల్లు మారే సామాను మాట్లాడేశాడట. ఎల్లుండి పొద్దున్నే రెండు బీరువాలు, ఒక మంచం, ఒక ఫ్రిజ్. తాళ్లు కొనుక్కురమ్మని నాకు డబ్బులు కూడా ఇచ్చాడు.