అనకాపల్లిలో ఒక బెల్లం గది

సంక్రాంతి వెళ్లిన వారం మా అక్కయ్యను చూచి రావాలని అనకాపల్లి వెళ్లాను. విశాఖపట్నం నుండి సుమారు 35 కిలోమీటర్లు. చెరకు గానుగలాడే రోజులు కావడంతో బజారులోకి రాగానే బెల్లం వాసన ఎదురొచ్చింది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇది ఒకటి. చుట్టుప్రక్కల పల్లెల రైతులు వండి తెచ్చిన దిమ్మలను యార్డులో వరుసగా పేర్చి, రంగు చూచి ధర కడతారు. 2022 ఏప్రిల్ 4న ఈ ఊరు జిల్లా కేంద్రమైంది. పేరు పెరిగినా వాసన మాత్రం మారలేదు.

మా బావగారు ఒక బెల్లం కొట్టులో గుమాస్తాగా పనిచేసేవారు. ఆయన ఇల్లు కట్టుకున్న స్థలం వెనుక సందు వంపు తిరిగింది. అందువల్ల వెనుక గది వంకరగా వచ్చింది. ఒకవైపు తొమ్మిదడుగులు, మరొకవైపు నాలుగే. మంచం వేస్తే తలుపు పడదు, బీరువా పెడితే వెనుక మూల వృథా. ఆ గదిలో కొన్నాళ్లు బెల్లం నిల్వ ఉంచారు. తరువాత బావగారి పుస్తకాల పెట్టెలు చేరాయి. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత రెండేళ్లుగా ఆ తలుపు తీయలేదు.

"మావయ్యా, ఒక వ్యాపారి ఆ గది అద్దెకు అడుగుతున్నాడు. నెలకు పదిహేను వందలు ఇస్తాడట," అన్నాడు మేనల్లుడు. ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసే వాడికి ఆ సొమ్ము చిన్నది కాదు. తొమ్మిదవ తరగతి చదివే వాడి కొడుకు మాత్రం టీవీ ప్రక్కనే కూర్చుని, చెవుల్లో వేళ్లు పెట్టుకొని లెక్కలు చేసుకుంటున్నాడు.

ఆ రాత్రి అక్కయ్యను అడిగాను, "నీ మనసులో ఏముంది?" అని.

"ఏటి చెప్పమంటావు తమ్ముడూ? నాకు అక్షరం ముక్క రాదు. మీ బావ నలభై ఏళ్లు ప్రతి రాత్రీ బైబిలు చదివితే నేను విన్నాను. ఆయన పోయాక ఇంట్లో చదివే గొంతు లేదు. అద్దెకిస్తే డబ్బొస్తాది గానీ ఆ గొంతు రాదు కదా," అంది.

మేనల్లుడు ఆ మాట విన్నాడు. కొంతసేపు ఏమీ అనలేదు. తెల్లవారి తానే తాళం తీశాడు.

లోపల నేల జిగటగా ఉంది. బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వానకాలంలో పాకమై కారుతుంది. అది నేల పగుళ్లలో మిగిలితే చీమలు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. పాకం నీళ్లలో కరిగేదే గనుక వేడినీళ్లతో నాలుగుసార్లు కడిగి, పగుళ్లు సిమెంటుతో పూడ్చాము. గోడలకు సున్నం వేశాము. మూడు పెట్టెల్లో ఒక పెట్టె పూర్తిగా చెదలపాలైంది. అక్కయ్య ఆ మట్టిని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూచింది. మిగిలినవాటిని నీడలో ఆరబెట్టాము. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది, అచ్చు వెలిసిపోతుంది.

సున్నం ఆరేలోగా మనవడూ నేనూ శంకరం వెళ్లాము. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో బొజ్జన్నకొండ ఉంది. బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి చేసిన గుహలు అక్కడున్నాయి. సంఘారామం అన్న మాటే శంకరంగా మారిందని చెబుతారు. "తాతయ్యా, ఇంత చిన్న గదుల్లో ఎలా ఉండేవారు?" అని వాడడిగాడు. నిశ్శబ్దం కావాలనుకున్నవారికి పెద్ద గది అవసరం లేదన్నాను.

తిరిగి వచ్చి వడ్రంగిని పిలిపించాము. వెడల్పు గోడకు అరలు కొట్టించక, ఇరుకు వైపు వంకరకు సరిపడా చెక్క కోయించి, మూల నుండి మూలకు మూడు అరలు బిగించాము. ఎందుకూ పనికిరాదనుకున్న మూలే పుస్తకాలకు చోటైంది. అరలు గోడకు ఆనకుండా రెండు వ్రేళ్ల సందు వదిలాము. చెదలు మట్టి గొట్టాలు కట్టుకొనే వస్తాయి గనుక సందు ఉంటే ముందే కనబడతాయి, చెమ్మ కూడా పుస్తకానికి తగలదు. ఉత్తరపు కిటికీ దగ్గర బావగారి వాలు బల్ల వేశాము. అటునుండి ఎండ సూటిగా పడేది తక్కువ, వెలుగు మాత్రం సమంగా ఉంటుంది. కుడిచేతితో వ్రాసేవాడికి వెలుగు ఎడమనుండి వచ్చేలా బల్ల త్రిప్పాము. అక్కయ్యకు ఒక పీట. సెల్‌ఫోను గడప బయటే. ఇంతే ఖర్చు.

పుస్తకాలు తక్కువేనని మనవడు చిన్నబోయాడు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకంగా మనమే కడుతున్నామని, ఊళ్లోని శాఖా గ్రంథాలయం పుస్తకాలు మనవేనని చెప్పాను. మరునాడే సభ్యత్వం తీసుకున్నాడు.

ఆ సాయంకాలం దీపం పెట్టాక, కీర్తనల గ్రంథము తీసి మామ్మకు వినిపించమన్నాను. వాడిది ఇంగ్లీషు మీడియం. ఒత్తులు మ్రింగేస్తూ, కూడబలుక్కుంటూ చదివాడు. రెండవ వచనంలో ఆగిపోయాడు. అక్కయ్య కళ్లు మూసుకొనే తరువాతి మాట అందించింది. మళ్లీ తడబడ్డాడు, మళ్లీ అందించింది. చదువు వచ్చినవాణ్ణి చదువు రానిది దిద్దుతోంది. "మామ్మా, నీకెలా తెలుసు?" అన్నాడు వాడు. "మీ తాత గొంతులో ఉంది నాయనా," అంది. గుమ్మంలో నిలబడిన మేనల్లుడు ముఖం త్రిప్పుకున్నాడు.

నాకు విశాఖపట్నం గుర్తొచ్చింది. 1805లో అక్కడికి వచ్చిన మిషనరీ అగస్టస్ డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగు చేయసాగాడు. 1810లో మరణించాడు. మూడు సువార్తలు శ్రీరాంపురంలో అచ్చయింది 1812లో. తాను తెలుగు చేసిన మాట పుస్తకమై రావడం అతడు చూడలేదు. మా బావగారు కూడా తన చదువు ఎక్కడ నిలిచిందో చూడలేదు.

ప్రియ పాఠకులారా, అద్దె పోయిన లోటు ఆ ఇంట్లో ఇంకా ఉంది. మేనల్లుడు నెలకు రెండు షిఫ్టులు అదనంగా చేస్తున్నాడు. అయినా గది ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. మీ ఇంట్లో కూడా వంకర గది ఒకటి ఉండవచ్చు. గది లేకపోతే ఒక మూల, మూల లేకపోతే ఒక పీట చాలు. అక్కడ ఒకరు చదవాలి, ఒకరు వినాలి.

నేను బయలుదేరేనాడు అక్కయ్య బెల్లం దిమ్మ ఒకటి మూట కట్టి ఇచ్చింది. "మళ్లీ వచ్చేసరికి వాడు ఆగకుండా చదువుతాడులే," అంది. ఆ తరువాత మెల్లగా, "అప్పుడు నాకూ అక్షరాలు చూపించమంటాను," అంది.