నిదానం

చార్మినారుకు పడమటి దిక్కున మొదలై మహబూబ్ చౌక్ వైపు సాగే ఇరుకైన వీథి లాడ్ బజార్. చార్మినారు 1591లో వెలసింది. చౌక్‌లోని గడియార స్తంభం 1892 నాటిది. ఈ రెండింటి నడుమ నడిచేవారి చూపును ముందుగా పట్టి నిలిపేవి లక్క గాజులు. బొగ్గుల కుంపటిపై మెత్తబడిన లక్కను కడ్డీగా సాగదీసి, వలయంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయినీ అద్దుతారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే దీపాల కాంతిలో మెరిసే ఆ గాజులు దుకాణం చేరడానికి ముందు ఏ సందులలో, ఏ కుంపట్ల ముందు రూపు దిద్దుకుంటాయో కొనేవారికి సాధారణంగా తెలియదు.

అటువంటి సందులలో ఒకదానిలో ఒక గాజుల కుటుంబం నివసిస్తున్నది. తండ్రి కుంపటి ముందు కూర్చుంటాడు. తల్లి రాళ్ళు అద్దుతుంది. కుమారుడు పగలు కళాశాలలో చదువుకుంటూ, సాయంత్రం గాజుల పెట్టెలను మోటారు సైకిలు వెనుక కట్టుకొని సికింద్రాబాదు దుకాణాలకు చేరవేస్తాడు. ఒక వర్షపు రాత్రి ఆ మోటారు సైకిలు దీపాలు లేకుండా ఆగి ఉన్న బండిని ఢీకొన్నది. యువకుని ముంజేయి విరిగింది. నలభై రోజులకు ఎముక అతుక్కున్నది. అప్పటికి మోటారు సైకిలు కూడా మరమ్మతు పూర్తిచేసుకొని ఇంటికి వచ్చింది. కొత్త దీపం, కొత్త మడ్‌గార్డు, మెరిసే రంగు. ప్రమాదం జరిగిందంటే ఎవరూ నమ్మరు.

కాని మొదటి వారంలోనే ఒక సంగతి బయటపడింది. వేగం అరవై కిలోమీటర్లకు చేరి, మళ్ళీ తగ్గుతున్న సమయంలో హ్యాండిలు చేతులలో వణికేది. ఒక్క క్షణం మాత్రమే. తరువాత ఏమీ జరగనట్లు బండి సాగిపోయేది. ఒక మిత్రుడు టైరు మార్చమన్నాడు, మార్చాడు. మరొకచోట హ్యాండిలు బేరింగులను గట్టిగా బిగించారు. వణుకు తగ్గింది. దానికి బదులు నెమ్మదిగా పోయేటప్పుడు బండి తాగినవానివలె అటూ ఇటూ తూలసాగింది. ఇంట్లో ఎవరికీ ఈ మాట చెప్పలేదు. శుక్రవారం నాడు తల్లిని వెనుక కూర్చోబెట్టుకొని ఆమె పుట్టింటికి తీసుకొని వెళ్ళవలసి ఉంటుంది. ఆ ప్రయాణాన్ని మాత్రం ఏదో ఒక సాకుతో రెండు వారాలు వాయిదా వేశాడు. చివరకు తల్లే కారణమడిగింది.

సందు చివర ఒక వృద్ధ మెకానిక్కు ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. రేకు కప్పు, ఒక చెక్క బల్ల, గోడకు వరుసగా వేలాడే పానాలు, అంతే అతని దుకాణం. అతడు బండిని ముట్టుకోలేదు. యువకుని ఎదుట స్టూలుపై కూర్చోబెట్టి ప్రశ్నలు వేయసాగాడు. వారి సంభాషణ దక్కనీలో సాగింది, దాని భావమిది.

“వేగం పెంచేటప్పుడు వణుకుతుందా బేటా, తగ్గించేటప్పుడా?”

“తగ్గించేటప్పుడు, ఉస్తాద్.”

“బ్రేకు వేస్తేనా? వేయకపోయినా?”

“వేయకపోయినా.”

“వెనుక పెట్టెలు ఉన్నప్పుడు ఎక్కువా?”

యువకుడు కొంచెం ఆలోచించాడు. అవును, ఎక్కువే. ఈ సంగతిని అంతవరకు అతడు గమనించలేదు.

సంస్కృతంలో నిదానమనగా మూలకారణం. రోగకారణాన్ని నిర్ణయించడమూ నిదానమే. మాధవకరుని వైద్యగ్రంథం మాధవనిదానమని ప్రసిద్ధి చెందింది. అదే మాట తెలుగులోకి వచ్చి తొందరపాటు లేని నడతకు పేరైంది. ఈ రెండు అర్థాలూ ఒకే మనిషిలో కలిసి కనిపించడం అరుదు. ఉస్తాద్ మాధవకరుని పేరు విని ఉండడు. కాని రోగిని ముట్టుకోకముందే రోగి మాట వినాలని అతనికి తెలుసు.

ద్విచక్ర వాహనం నిటారుగా ఎందుకు పోతుందన్న ప్రశ్న పండితులను కూడా చాలాకాలం వేధించింది. 1899లో విపుల్ అనే ఆంగ్ల గణితవేత్త సైకిలు స్థిరత్వాన్ని సమీకరణాలలో నిరూపించాడు. 1971లో షార్ప్ అనే ఇంజనీరు మోటారు సైకిలు అస్థిరతలను వేరువేరుగా విశ్లేషించాడు. ముందు చక్రమూ హ్యాండిలూ మాత్రమే సెకనుకు ఎన్నోసార్లు వేగంగా కొట్టుకోవడం ఒకటి. బండి మొత్తం నెమ్మదిగా పామువలె మెలికలు తిరగడం మరొకటి. యువకుడు మొదట చూసినది మొదటి రకం. అతడు తూలడమని చెప్పినది బేరింగులు అతిగా బిగిసి, హ్యాండిలు తనంత తాను సర్దుకోలేకపోవడం వలన కలిగినది. ఒక రోగానికి వేసిన మందు రెండవ రోగాన్ని తెచ్చిందన్నమాట.

ఆసుపత్రిలోని తోపుడు మంచాన్ని గమనించినవారికి దీని మర్మం సులభంగా తెలుస్తుంది. మంచాన్ని ఎటు తోస్తే దాని చిన్న చక్రాలు అటు తిరిగి, తమ ఇరుసును పట్టుకున్న కడ్డీ వెనుకనే నడుస్తాయి. కడ్డీ వదులైతే అవే చక్రాలు టపటప కొట్టుకుంటాయి. మోటారు సైకిలు ముందు చక్రం కూడా అంతే. హ్యాండిలు తిరిగే ఇరుసు గీతను నేలవరకు పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటు ఆ గీతకు కొంత వెనుక పడుతుంది. సాధారణంగా అది ఎనిమిది, పది సెంటీమీటర్లు. ఆ చిన్న దూరమే చక్రాన్ని సరళరేఖలో నిలుపుతుంది. ఎదురుగా దెబ్బ తగిలినప్పుడు ఫోర్కు వెనుకకు వంగితే ఆ దూరం మారిపోతుంది. రంగు వేసినంత మాత్రాన అది తిరిగి రాదు.

ఉస్తాద్ ఖర్చులేని పరీక్షలతో మొదలుపెట్టాడు. టైరులో గాలి కొలిచాడు. కొంచెం తక్కువగా ఉంటే సరిచేశాడు. ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పుతూ, రిమ్ము పక్కన ఒక సుద్దముక్కను కదలకుండా పట్టుకున్నాడు. రిమ్ము ఎక్కడ పక్కకు జరిగితే అక్కడ సుద్ద గీత పడుతుంది. గీత సన్నగా ఒక్కచోట పడింది. రెండు మిల్లీమీటర్ల లోపు తేడాను సాధారణంగా అనుమతిస్తారు. ఇది అంతకంటె తక్కువే. మన పెద్దలు బండి చక్రంలో ఆకులు అని పిలిచినవే ఇక్కడ స్పోకులు. వాటిని పానాతో ఒక్కొక్కటిగా మీటి, ధ్వని విన్నాడు. రెండు మొద్దుగా పలికితే బిగించాడు. చక్రాన్ని పైన ఒక చేత, కింద ఒక చేత పట్టుకొని పక్కలకు కదిపాడు. కదలలేదు. చక్రం బేరింగులు బాగానే ఉన్నాయి.

ఆ తరువాత అతడు హ్యాండిలును ఒక్క వేలితో ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పాడు. సరిగ్గా మధ్యకు రాగానే అది ఏదో గుంటలో పడినట్లు ఆగింది.

“చూడు, ఇక్కడ కూర్చున్నది.”

కోన్ సెట్ విప్పి చూస్తే సంగతి స్పష్టమైంది. దెబ్బ తగిలిన క్షణంలో ఉక్కు గుళ్ళు తమ దారిలో చిన్న చిన్న గుంటలు పొడిచాయి. ఎంత గ్రీజు పెట్టినా, ఎంత బిగించినా గుంటలు పూడవు. కొత్త కోన్ సెట్ వచ్చింది. బిగింపు ఎంత ఉండాలో ఉస్తాద్ పానాతో గాక, హ్యాండిలు తన బరువుతో తాను ఒక పక్కకు జారే తీరుతో నిర్ణయించాడు. ఆ సాయంత్రం బండి దాదాపు వణకలేదు.

అసలు పరీక్ష ఇక్కడే ఎదురైంది. పెళ్ళిళ్ళ కాలం, పెట్టెలు పేరుకొని ఉన్నాయి. యువకుడు డబ్బు తీసి ఇవ్వబోయాడు. దాదాపు అన్న మాట ఉస్తాద్‌కు నచ్చలేదు. “గోడను గుద్దుకున్నవాడికి పన్ను ఒక్కటే విరుగుతుందా?” అని అడిగి, డబ్బు తీసుకోకుండా బండిని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ రాత్రి యువకుడు కోపంతోనే ఇంటికి వెళ్ళి ఉంటాడు. మరునాడు పెట్టెలు ఆటోలో వెళ్ళాయి. ఆ వారం లాభమంతా దానికే సరిపోయింది.

తెల్లవారి ఫోర్కు పైపులు రెండూ విప్పారు. వాటిని పరీక్షించడానికి నున్నని సమతలం కావాలి. అందుకు ఒక గాజుల దుకాణం నుంచి అరలో వేసే మందపాటి అద్దం పలకను తెచ్చారు. దానితోపాటు యువకుని తండ్రి కూడా వచ్చాడు. గాజు తయారైన తరువాత దానిని చదునైన రాతిపై పెట్టి, అంచును వేలితో నొక్కి చూడటం అతని నిత్యకృత్యం. నొక్కినప్పుడు గాజు టక్కుమంటే అది వంకర. ఎడమ పైపును అద్దంపై దొర్లించారు, నీటిలా సాగింది. కుడి పైపును దొర్లించారు. తండ్రి వెంటనే చేయి అడ్డుపెట్టాడు. మరొకసారి దొర్లించమన్నాడు. పైపు తిరిగే ప్రతిసారీ ఒకచోట దాని కింద సన్నని వెలుగు కనిపించి మాయమవుతున్నది. పూర్వపు మరమ్మతులో ఆ పైపును ప్రెస్సులో పెట్టి వంపు తీశారు, కాని పూర్తిగా పోలేదు. ఇటువంటి పైపులకు మిల్లీమీటరులో ఐదవవంతు వంపే హద్దు. మెరుగు పెట్టిన లోహం మీద అది కంటికి ఆనదు. వెలుగుకు మాత్రం దొరికింది.

వంగిన పైపు స్థానంలో కొత్తది వచ్చింది. రెండు కాళ్ళలోనూ కొత్త సీళ్ళు వేసి, నూనెను సమానంగా కొలిచి పోశారు. ఇక మిగిలింది ఛాసిస్. అదే వంగి ఉంటే ఈ ఖర్చంతా వృథా. ఆ బండి మీద తల్లిని ఎక్కించకూడదని ఉస్తాద్ ముందే చెప్పాడు. వెనుక టైరు చుట్టూ దారం కట్టి, రెండు పక్కలా ముందు చక్రం దాకా బిగించి లాగారు. రెండు దారాలకూ ముందు టైరుకూ నడుమ ఎడం సమానంగా ఉండాలి. స్కేలుతో కొలిచారు. సమానమే. అంతటితో ఊరుకోక, అదే రకం మరొక బండిని పక్కన నిలిపి, రెండింటి ఇరుసుల మధ్య దూరాలను పోల్చి చూశారు. తేడా లేదు. ఆ కొలతలు జరుగుతున్నంతసేపూ తండ్రి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆదివారం తెల్లవారుజామున ఆరాంఘర్ దాటిన తరువాత ఖాళీగా ఉన్న రహదారిపై యువకుడు బండిని పరీక్షించాడు. ఒకవేళ వణుకు మళ్ళీ వస్తే హ్యాండిలును గట్టిగా బిగపట్టవద్దని, హఠాత్తుగా బ్రేకు వేయవద్దని, మెల్లగా వేగం తగ్గించుకోవాలని ఉస్తాద్ చెప్పి పంపాడు. అరవై దాటి తగ్గించాడు. మళ్ళీ పెంచి తగ్గించాడు. హ్యాండిలు కదలలేదు. తిరిగి వచ్చాక పెట్టెలతో మరొకసారి వెళ్ళాడు. అయితే ఈసారి ఉస్తాద్ పెట్టెలను ఎత్తుగా వెనుకకు గాక, కిందికి దించి సీటుకు దగ్గరగా కట్టించాడు. వెనుక బరువు పెరిగినకొద్దీ ముందు చక్రం తేలికై వణుకుకు లోబడుతుంది.

డబ్బు తీసుకుంటూ ఉస్తాద్ మీటరు వైపు చూశాడు. కొత్త కోన్ సెట్ కుదురుకొనేసరికి కొంచెం వదులవుతుందని, ఐదు వందల కిలోమీటర్ల తరువాత మళ్ళీ తేవాలని చెప్పాడు. యువకుడు సుద్దముక్క తీసుకొని గాజుల పెట్టె మూత మీద ఆ అంకె రాసుకున్నాడు. శుక్రవారం నాడు తల్లి వెనుక కూర్చోబోతూ అదేమిటని అడిగింది.

“తిరిగి రావలసిన లెక్క” అన్నాడు.