రాత్రి మాత్ర

2025 జూన్‌లో మావారికి గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. ఆసుపత్రి బిల్లు కంపెనీ పాలసీ కట్టింది. డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకూ మందుల డబ్బులూ వచ్చాయి. ఆ తర్వాతవి మనమే కొనుక్కోవాలి. జీవితాంతం వాడాల్సిన మందులకు అరవై రోజుల లెక్క ఏమిటో నాకిప్పటికీ మింగుడుపడదు.

ఆగస్టులో ఉద్యోగం తీసేస్తున్నట్టు నోటీసు ఇచ్చారు. సెప్టెంబరు ఆఖరుకి జీతమూ పాలసీ రెండూ ఆగిపోతాయి. బయట కొత్త పాలసీ అడిగితే గుండె జబ్బుకు మూడేళ్లు ఆగాలన్నారు. ఈలోపు మళ్లీ నొప్పొస్తే ఎక్కడికి తీసుకెళ్లాలి? రాత్రిళ్లు ఆయన ఊపిరి వింటూ కూర్చునేదాన్ని.

ఆయన ఆఫీసులో అకౌంట్లు చూసే ఆవిడ ఫోన్ చేసి దారి చెప్పింది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారొచ్చట. మైగ్రేషన్ అంటారు. పాత పాలసీలో గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. పేరు తీసేయకముందే దరఖాస్తు పెట్టించింది. కాగితాలన్నీ చూసి ప్రీమియం పెంచారు గానీ పాలసీ ఇచ్చారు. సెప్టెంబరు 22 నుంచి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేయడంతో కొంత తగ్గింది.

ఆ డబ్బు కూడా లేదు. మా పెద్దాడపడుచుకి ఫోన్ చేశాను. పాత బాకీ తీర్చకుండా మళ్లీ అడగాలంటే నోరు రాలేదు. ‘‘ఎంత కావాలో చెప్పు’’ అంది. తన చీటీ నష్టానికి పాడి ఇచ్చింది.

అక్టోబరులో మందులు తేవాలని షీట్లు చూశాను. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే టికాగ్రెలార్ పూటకొకటి. అయిపోవాల్సినవి సగం మిగిలే ఉన్నాయి. రాత్రివి మానేశారు. ‘‘పదిహేను రోజులకొచ్చేవి నెలకొస్తాయి కదా’’ అన్నారు. స్టెంటులో గడ్డ కడితే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు ముందే చెప్పారు. నా కాళ్లూచేతులూ ఆడలేదు. ఆయన మీద అరిచాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

మర్నాడు డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన కోప్పడలేదు. కంపెనీ పేర్లు కాకుండా మందుల పేర్లు రాసి, జన ఔషధి కేంద్రంలో కొనుక్కోమన్నారు. అక్కడి ఫార్మసిస్టు ఒక్కో మందూ చీటీతో సరిచూసి ఇచ్చాడు. బిల్లు సగానికి పైగా తగ్గింది. రేటు బరువైతే మందు మీకు మీరే ఆపకండి, డాక్టరుకి చెప్పండి.

వదిన బాకీ ఇంకా ఉంది. వచ్చే ప్రీమియానికి బ్యాంకులో ఏడాది ఆర్‌డీ కడుతున్నాను. గడువు దాటినా 30 రోజుల గ్రేస్ ఉంటుంది గానీ, ఏడాదికోసారి కట్టే పాలసీకి ఆ రోజుల్లో ఆసుపత్రి ఖర్చు రాదు. అందుకే గడువుకు ముందే కట్టేస్తాను.