పీఠం మీది మట్ట

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఒక తెలుగు కతోలిక ఇల్లు. మరియమాత పటం వెనక, మట్టల ఆదివారం నాడు గుడిలో మంత్రించి ఇచ్చిన ఆకు చెక్కి ఉంటుంది. ఎండి గోధుమరంగుకి తిరిగినా దాన్ని ఎవరూ పారేయరు. వచ్చే ఏడు తపస్సు కాలానికి ముందు గుడికి ఇచ్చేస్తారు. అక్కడ దాన్ని కాల్చగా వచ్చిన బూడిదే విభూది బుధవారం నాడు నొసటి మీదికి వస్తుంది. గోడ క్యాలెండర్ కంటే ఈ ఆకే ఏడాదిని బాగా గుర్తుచేస్తుందేమో!

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. బయట బెంగాలీ, హిందీ. జపమాల మాత్రం తెలుగులోనే. వర్క్‌షాపు షిఫ్టులు మారినప్పుడల్లా ప్రార్థన వేళా మారుతుంది. నైట్‌డ్యూటీకి వెళ్లే తండ్రి కోసం ఆరింటికే కొవ్వొత్తి వెలిగిస్తారు. నిద్రకి తూగే పిల్లవాడి వేళ్ల మధ్య పూసలు ఒక్కోసారి ఆగిపోతాయి, తల్లి మెల్లగా ముందుకి జరుపుతుంది. ఎంత ముచ్చటైన పని అది!

అక్టోబరు జపమాల మాసం. మే నెల మరియమాతది. క్రిస్మస్‌కి ముందు ఆగమన కాలం. 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు జపమాలకి వెలుగు రహస్యాలు చేర్చాక గురువారాలకి కొత్త ధ్యానం దొరికింది.

ఫిబ్రవరి వస్తోందంటే మాటలు బెజవాడలోని గుణదల మరియమాత గుడి వైపు మళ్లుతాయి. తిరునాళ్లు 9 నుంచి 11 దాకా. ఈసారి సెలవు దొరుకుతుందా, బెజవాడకి బెర్తులు ఉన్నాయా అని జపం ముగిసీ ముగియకముందే చర్చ మొదలు.