సవతి గొంతు

మావారి బుల్లెట్టు 1988 మోడలు. పెళ్లికి ముందే కొన్నారు కనుక దాన్ని నా సవతి అంటూంటాను. అది సందు మలుపు తిరిగి "డుగ్ డుగ్" అనగానే నేను పాలు పొయ్యిమీద పెడతాను. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేసరికి కాఫీ సిద్ధం. ముప్పై ఏళ్ల పైమాటే ఈ లెక్క.

రిటైరయ్యాక ఎదురింటి కుర్రాడు ఏం నూరిపోశాడో, "పాత సైలెన్సరు ఇంజనుకి ఊపిరాడనివ్వదోయ్! పొగ తేలిగ్గా పోతే పవరు పెరుగుతుంది" అంటూ మూరెడు గొట్టం ఒకటి బిగించుకొచ్చారు. ఎంతైందంటే మాట దాటేశారు. ఇక చూడండి! బండి మెయిన్ రోడ్డు మీద ఉండగానే పక్కింటి పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుపు. నేనేమో వచ్చేశారనుకుని పాలు పెట్టడం, ఆయన తీరిగ్గా కూరలు బేరమాడి రావడం, కాఫీ చల్లారిపోవడం.

పోనీ పవరైనా పెరిగిందా? ఆ శనివారం సింహాచలం బయల్దేరాం. కొండరోడ్డు మలుపులో బండి ఆయాసపడి, "కాస్త దిగుతావా?" అన్నారు. అప్పన్న కొండ నడిచి ఎక్కితే పుణ్యమే. కానీ అది మొక్కుకున్నవాళ్లకి కదా!

మర్నాడు మెకానిక్ సాయిబు దగ్గరికి నేనూ వెళ్లాను.

"ఇంజను పీలుస్తుంది, నొక్కుతుంది, మండిస్తుంది, వదుల్తుంది. నాలుగే పనులమ్మా" అన్నాడు. వదిలిన పొగ ఊరికే పోదట. తోసుకుపోయే అలలా వెళ్లి, గొట్టం చివర ఖాళీ తగలగానే లాగే అలగా మారి వెనక్కి తిరుగుతుందట. పొగ వాల్వు మూతపడుతూ, గాలి వాల్వు తెరుచుకుంటూ, రెండూ కాస్త తెరిచి ఉండే రెప్పపాటులో అది చేరితే, మిగిలిన పొగను లాగేసి కొత్తగాలిని లోపలికి రప్పిస్తుంది. గొట్టం పొట్టిదైతే అల మరీ ముందే వచ్చేస్తుంది. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే రేసు బండికి అది నప్పుతుందేమో గానీ, మా సవతి నిదానస్తురాలు. దానికితోడు కార్బురేటర్‌లో జెట్టు మార్చలేదట. గాలెక్కువ, పెట్రోలు తక్కువ. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపాకాయలు పేలింది అందుకే.

నాకు ఇట్టే అర్థమైంది. నా కాఫీకి పట్టిన గతే కదా అది!

"పాత సైలెన్సరు ఉందా, పాతసామాన్లవాడికి వేసేశారా?" అని సాయిబు అడిగాడు. మావారు తల గోక్కున్నారు. అటకమీద గోనెసంచిలో చుట్టి నేనే దాచాను. ఎంత సవతైనా, దాని గొంతు నాకలవాటు.

ఆ సాయంత్రం సందు మలుపులో "డుగ్ డుగ్" వినపడింది. పాలు పెట్టాను.

ఆ గొట్టం ఎంతైందో మాత్రం ఇవాళ్టికీ చెప్పలేదు.