ఒక పాటలో రెండు లెక్కలు

"తాళం తప్పుతున్నావురా!"

ఒక వేసవి సాయంకాలం మా పెద్దవాడి మీద నేను కేకవేసిన మాట ఇది. సంఘంలో కీర్తనలకు పనికివస్తుందని కొనిచ్చిన గిటారు మీద వాడు ఏదో డాన్సు పాట వాయించుకుంటున్నాడు. ఇంటర్ అయ్యాక నేను చెప్పిన చదువు కాదని, సంగీతమే నేర్చుకుంటానని వాడు పట్టుబట్టినప్పటి నుండి మా ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. పైకి వచ్చింది తాళం మాటే గాని, లోపల ఉన్నది ఆ కోపమే.

వాడు నెమ్మదిగా, "తప్పలేదు నాన్నగారూ. ఇందులో రెండు లెక్కలున్నాయి. మీరు ఒక్కటే వింటున్నారు" అన్నాడు.

ఆ పాట పేరు 'దాన్సా పరాగ్వాయా'. పరాగ్వే నాట్యమని అర్థం. కూర్చినవాడు అగుస్తీన్ బార్రియోస్. దక్షిణ అమెరికాలో సముద్రతీరం లేని పరాగ్వే దేశంలో 1885లో పుట్టాడు. అక్కడి జనం ఆడుకునే నాట్యాన్ని 'పోల్కా' అంటారు. పేరు ఐరోపా నుండి వచ్చింది గాని, నడక పూర్తిగా వేరు. ఆ నడకనే బార్రియోస్ ఒక్క గిటారు మీదికి తెచ్చి, కచేరీలో కూర్చుని వినదగిన పాటగా మలిచాడు. బాఖ్ సంగీతాన్ని వాయించిన చేతితోనే తన దేశపు జానపదాన్నీ వాయించాడు. 1930లలో గ్వారానీ ఆదివాసుల వేషంలో వేదిక ఎక్కి, అగుస్తీన్ అనే తన పేరునే తిరగవేసి 'నిత్సుగా' అని చెప్పుకున్నాడు. 1944లో సొంత దేశానికి దూరంగా, సాన్ సాల్వడార్‌లో కన్నుమూశాడు.

మావాడు నన్ను పక్కన కూర్చోబెట్టి చూపించాడు. ఆరు చిన్న దెబ్బలు లెక్కపెట్టాలి. బొటనవేలు లావు తీగల మీద ఆ ఆరింటిని రెండేసిగా పంచి మూడు అడుగులు వేస్తుంది. పై రాగం అదే ఆరింటిని మూడేసిగా పంచి రెండు అడుగులు వేస్తుంది. మొదటి దెబ్బకు రెండూ కలుస్తాయి. వెంటనే విడిపోతాయి. మళ్లీ మొదటి దెబ్బకు కలుస్తాయి. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు కాదు. రెండూ ఉంటేనే అది ఆ పాట.

ప్రియ చదువరులారా, మీ ఇంట్లో ఇద్దరు కూర్చుని బల్ల మీద వేసి చూడండి. నన్ను మూడు వేయమని వాడు రెండు వేశాడు. మొదట నా చెయ్యి వాడి లెక్క వెంట పోయింది. తరువాత వాడిని నా లెక్కలోకి లాగాలని గట్టిగా కొట్టాను. అప్పుడూ చెడింది. నా మూడు నేను వేసుకుంటూ, వాడి రెండును వింటూ ఉన్నప్పుడే కుదిరింది. చాలా నెలల తరువాత ఇద్దరం నవ్వుకున్నాము.

జూన్‌లో వాడు పట్నంలో సంగీత కళాశాలలో చేరాడు. నా దిగులు పూర్తిగా పోలేదు. పోయిందని చెబితే అబద్ధమవుతుంది. అయితే ప్రతి ఆదివారం సాయంకాలం వాడు ఫోను చేస్తాడు. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుంటాము. వారమంతా వాడి లెక్క వాడిది, నా లెక్క నాది. ఆ మొదటి దెబ్బ దగ్గర మాత్రం తప్పకుండా కలుస్తున్నాము.